ఈ-పుస్తక పఠన సాధనాల బ్యాటరీ మన్నిక

ఈ-పుస్తక పఠన సాధనం (ఈ-రీడర్) అనేది పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో చదువుకొనుటకు ఉపయోగపడే పలక వంటి పరికరం. కిండిల్, కోబో మొదలైనవి ఈ కోవకు చెందినవి. వీటిలో తిరిగి ఛార్జి చేయదగిన లిథియం అయాన్ బ్యాటరీ గానీ, దాని రూపాంతరమైన లిథియం పాలిమర్ బ్యాటరీ గానీ ఉంటుంది. పరికరంలోని తెర, బొత్తాలు, ఇతర భాగాలు చాలా ఏళ్ళు చెడిపోకుండా ఉండగలవు. సాధారణంగా ముందుగా క్షీణించేది బ్యాటరీయే. దానిని సరిగా వాడుకుంటే సాధనం ఆయుష్షు గణనీయంగా పెరుగుతుంది.

చరవాణి (సెల్ ఫోను) బ్యాటరీకి, ఈ-రీడర్ బ్యాటరీకి రసాయనికంగా భేదం లేదు. కానీ అవి పాడయ్యే తీరులో ముఖ్యమైన భేదం ఉన్నది. చరవాణి బ్యాటరీ ప్రతిదినం ఛార్జి కావడం వల్ల అరిగిపోతుంది. ఈ-రీడర్ బ్యాటరీ వాడకం వల్ల కన్నా వేడి వల్ల, పూర్తి ఛార్జితో గానీ పూర్తిగా ఖాళీగా గానీ నెలల తరబడి పడి ఉండడం వల్ల ఎక్కువగా పాడవుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈ విషయం మరింత ముఖ్యమైనది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతం - బ్యాటరీలు

దక్షిణ రాయలసీమకు బ్యాటరీల పరిశ్రమతో దగ్గరి సంబంధం ఉన్నది. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా బ్యాటరీస్ సంస్థ కర్మాగారం తిరుపతి సమీపంలోని కరకంబాడి వద్ద ఉన్నది. ఈ సంస్థ 2000 సంవత్సరంలో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలను విపణిలోనికి తెచ్చింది. తరువాత చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం నూనెగుండ్లపల్లె వద్ద కూడా కర్మాగారాలను నెలకొల్పింది. 2023లో సంస్థ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. ఈ సంస్థ ప్రసిద్ధి చెందినది సీసం-ఆమ్లం (లెడ్ యాసిడ్) బ్యాటరీలకు. లిథియం ఘటాల తయారీకి తెలంగాణలోని మహబూబ్‌నగర్ సమీపాన దివిటిపల్లి వద్ద 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది.

తిరుపతిలో 2015లో ఏర్పడిన ఎలక్ట్రానిక్ తయారీ సముదాయాలలో ఒకదానిలో, చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ సంస్థ 165 కోట్ల రూపాయల వ్యయంతో లిథియం అయాన్ ఘటాల కర్మాగారాన్ని నిర్మించింది. 2022 సెప్టెంబరు 16న కేంద్ర సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ దీని ముందస్తు ఉత్పత్తిని ప్రారంభించారు. అప్పటి ప్రకటన ప్రకారం దీని స్థాపిత సామర్థ్యం సంవత్సరానికి 270 మెగావాట్-గంటలు. అంటే రోజుకు 10 ఆంపియర్-గంటల ఘటాలు 20,000 చొప్పున తయారు చేయగలదు. ఇది దేశంలో మొదటి లిథియం ఘటాల తయారీ కేంద్రమని ఆ సందర్భంలో ప్రకటించారు.

ఈ ప్రాంతంలో చదువరులు కూడా ఎక్కువే. 1954లో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ సంస్థలు ఇక్కడ ఉన్నవి. తిరుమల తిరుపతి దేవస్థానముల వారు తమ ప్రచురణలు అనేకం ఈ-పుస్తకాలుగా అంతర్జాలంలో ఉచితంగా ఉంచారు.

ఈ-రీడర్ తక్కువ విద్యుత్తుతో పనిచేయుటకు కారణం

చాలా ఈ-రీడర్లలో "ఎలక్ట్రానిక్ సిరా" తెర ఉంటుంది. ఈ సాంకేతికతను అభివృద్ధి చేసిన ఈ-ఇంక్ సంస్థ అమెరికాలో 1997లో ఏర్పడింది. దీనిని వాడిన తొలి పఠన సాధనం సోనీ సంస్థ 2004లో జపానులో విడుదల చేసిన లిబ్రియే. అమెజాన్ సంస్థ 2007 నవంబరులో కిండిల్‌ను విడుదల చేసిన తరువాత ఇవి బహుళ ప్రచారం పొందాయి.

ఈ తెరలో కంటికి కనబడనంత చిన్న గుళికలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో వ్యతిరేక విద్యుదావేశాలు గల తెల్లని, నల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్ క్షేత్రం ప్రయోగించినపుడు ఒక రంగు రేణువులు పైకి, మరొక రంగు రేణువులు క్రిందికి చేరుతాయి. పైకి వచ్చిన రేణువుల రంగే చదువరికి కనబడుతుంది. క్షేత్రం తొలగించినా రేణువులు కదలకుండా అక్కడే నిలిచి ఉంటాయి. కనుక పుటను మార్చేటపుడు మాత్రమే తెరకు విద్యుత్తు అవసరం. ఒకే పుటను గంటసేపు చదివినా తెర విద్యుత్తును ఖర్చు చేయదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన తరువాత కూడా చివరి బొమ్మ తెరపై నిలిచి ఉండడానికి కారణం ఇదే.

మిగిలిన విద్యుత్తును ముందు దీపం (తెర అంచులలోని చిన్న ఎల్ఈడీ దీపాలు), వై-ఫై, బ్లూటూత్, ప్రాసెసర్ వాడుకుంటాయి.

తయారీదారుల అంచనాలు - వాటి అర్థం

"ఒకసారి ఛార్జి చేస్తే పది వారాలు" వంటి ప్రకటనలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 2021లో విడుదలైన కిండిల్ పేపర్‌వైట్‌కు ఆ సంస్థ ఇచ్చిన పది వారాల అంచనా కొన్ని నియమాలకు లోబడినది. రోజుకు అరగంట మాత్రమే చదవాలి, వైర్‌లెస్ ఆపి ఉంచాలి, దీపం కాంతి 13వ మెట్టులో ఉండాలి. 70 రోజులను అరగంటతో గుణిస్తే వచ్చేది 35 గంటలు. రోజుకు నాలుగు గంటలు చదివే విద్యార్థికి అదే బ్యాటరీ తొమ్మిది రోజులకు మించి రాదు. తొమ్మిది రోజులకే ఛార్జి అయిపోయినంత మాత్రాన బ్యాటరీలో లోపం ఉన్నదని భావించరాదు.

ఇదే సాధనంలోని బ్యాటరీ సామర్థ్యం సుమారు 1,700 మిల్లీఆంపియర్-గంటలు. సగటు వోల్టేజి 3.7 వోల్టులు అనుకుంటే ఇందులో పట్టే శక్తి 6.3 వాట్-గంటలు. ఇంటి ఇన్వర్టర్‌కు వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో పట్టే శక్తి 1,800 వాట్-గంటలు, అనగా దీనికి సుమారు 285 రెట్లు. ఒక యూనిట్ (1,000 వాట్-గంటలు) విద్యుత్తుతో, నష్టాలు పోను, ఈ-రీడర్‌ను వంద సార్లకు పైగా ఛార్జి చేయవచ్చును. అందువల్ల ఇక్కడ ఆదా చేయవలసినది కరెంటు బిల్లును కాదు, బ్యాటరీ ఆయుష్షును.

లిథియం అయాన్ ఘటం పనిచేసే విధానం

లిథియం అయాన్ ఘటంలో రెండు ఎలక్ట్రోడులు ఉంటాయి. ధన ఎలక్ట్రోడులో లిథియం కోబాల్ట్ ఆక్సైడు వంటి లోహ ఆక్సైడు పూతగా ఉంటుంది. రుణ ఎలక్ట్రోడులో గ్రాఫైటు ఉంటుంది. రెండింటి నడుమ సూక్ష్మ రంధ్రాలు గల పలుచని పొర, లిథియం లవణం కరిగిన సేంద్రియ ద్రవం (విద్యుద్విశ్లేష్యం) ఉంటాయి. ఛార్జి చేసేటపుడు లిథియం అయాన్లు ధన ఎలక్ట్రోడును వదలి గ్రాఫైటు పొరల మధ్యకు చేరతాయి. వాడేటపుడు తిరిగి వెనుకకు వస్తాయి. పూర్తిగా ఛార్జి అయిన ఘటం వోల్టేజి సాధారణంగా 4.2 వోల్టులు. దాదాపు 3 వోల్టులకు దిగినపుడు పరికరం తనంతట తానే ఆగిపోతుంది.

ఈ ఘటానికి మూలమైన పరిశోధనలకు గాను జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. సోనీ సంస్థ 1991లో ఈ ఘటాలను తొలిసారిగా విపణిలోనికి తెచ్చింది.

బ్యాటరీ క్షీణించుటకు కారణాలు

బ్యాటరీ క్షీణత రెండు విధాలు.

1. చక్రీయ క్షీణత: బ్యాటరీని ఛార్జి చేసి, వాడి, మళ్ళీ ఛార్జి చేయడం ఒక చక్రం. ప్రతి చక్రంలోనూ ఎలక్ట్రోడులు కొద్దిగా వ్యాకోచించి సంకోచిస్తాయి, కొంత లిథియం శాశ్వతంగా నష్టమవుతుంది. సాధారణంగా 300 నుండి 500 పూర్తి చక్రాల తరువాత సామర్థ్యం 80 శాతం ప్రాంతానికి తగ్గుతుంది. సగం వాడి సగం ఛార్జి చేస్తే అది సగం చక్రమే అవుతుంది.

2. కాలగత క్షీణత: బ్యాటరీని వాడకపోయినా జరిగే క్షీణత ఇది. గ్రాఫైటు ఉపరితలంపై విద్యుద్విశ్లేష్యం మెల్లగా చర్య జరిపి ఒక పొరను ఏర్పరుస్తుంది. కొంతవరకు ఈ పొర ఘటానికి రక్షణ కలిగిస్తుంది. కానీ అది మందమయ్యే కొద్దీ లిథియం అందులో చిక్కుకొని పనికిరాకుండా పోతుంది, ఘటం అంతర్నిరోధం పెరుగుతుంది. వేడి ఎక్కువైతే ఈ చర్య వేగవంతమవుతుంది. ఘటం నిండుగా ఉన్నపుడు వోల్టేజి ఎక్కువగా ఉండడం వల్ల కూడా చర్యలు వేగవంతమవుతాయి.

ఈ-రీడర్‌ను రెండు వారాలకు ఒకసారి ఛార్జి చేసేవారు సంవత్సరంలో వాడేది సుమారు 26 చక్రాలు. ఆ లెక్కన 300 చక్రాలు పూర్తి కావడానికి పదకొండు సంవత్సరాలకు పైగా పడుతుంది. అయినప్పటికీ చాలా సాధనాల బ్యాటరీలు అంతకు ముందే క్షీణిస్తున్నాయంటే అందుకు ప్రధాన కారణం కాలగత క్షీణతయే. కాలాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు గాని, వేడిని, నిల్వ ఉంచే ఛార్జి స్థాయిని అదుపు చేయడం చదువరి చేతిలో ఉన్నది.

లిథియం కోబాల్ట్ ఘటాలను వాడకుండా ఒక సంవత్సరం నిల్వ ఉంచితే మిగిలే సామర్థ్యానికి తరచుగా ఉదహరించే అంచనాలు ఈ విధంగా ఉన్నవి:

* 0 డిగ్రీల వద్ద: 40 శాతం ఛార్జితో ఉంచితే 98 శాతం, పూర్తి ఛార్జితో ఉంచితే 94 శాతం
* 25 డిగ్రీల వద్ద: 40 శాతం ఛార్జితో 96 శాతం, పూర్తి ఛార్జితో 80 శాతం
* 40 డిగ్రీల వద్ద: 40 శాతం ఛార్జితో 85 శాతం, పూర్తి ఛార్జితో 65 శాతం
* 60 డిగ్రీల వద్ద: 40 శాతం ఛార్జితో 75 శాతం. పూర్తి ఛార్జితో అయితే మూడు నెలలకే 60 శాతం

ఘటం నాణ్యతను బట్టి ఈ సంఖ్యలు మారవచ్చును. కానీ వాటి సారాంశం మారదు. వేడి, పూర్తి ఛార్జి ఈ రెండూ కలిసినపుడు నష్టం అధికం.

అతిగా ఖాళీ కావడం

మూడవ ప్రమాదం పూర్తిగా ఖాళీ అయిన సాధనాన్ని బీరువాలో పెట్టి మరచిపోవడం. వాడకపోయినా ఘటం తనంతట తాను కొద్దికొద్దిగా ఛార్జి కోల్పోతుంది. దానితో పాటు రక్షణ వలయం, నిద్రావస్థలో ఉన్న సాధనం కూడా కొంత విద్యుత్తును వాడుకుంటాయి. ఘటం వోల్టేజి మరీ తగ్గిపోతే రుణ ఎలక్ట్రోడుకు ఆధారమైన రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ తరువాత ఛార్జి చేస్తే కరిగిన రాగి లోపల పేరుకొని ఘటంలో షార్ట్ సర్క్యూట్ కలిగించవచ్చును. దీనిని నివారించుటకే రక్షణ వలయం ఘటాన్ని వేరు చేస్తుంది. అటువంటి సాధనం ఛార్జరుకు తగిలించినా వెంటనే స్పందించదు. కొన్ని గంటల సేపు ఛార్జరుకు తగిలించి ఉంచితే కొన్ని సాధనాలు కోలుకుంటాయి. కోలుకోని ఘటానికి బయటి నుండి నేరుగా విద్యుత్తు ఇచ్చి "బ్రతికించే" ప్రయత్నం ప్రమాదకరం.

మూడు రకాల బ్యాటరీలు, మూడు రకాల అలవాట్లు

బ్యాటరీల గురించి ప్రజలలో ఉన్న అలవాట్లు చాలావరకు పాత రకం బ్యాటరీల నుండి వచ్చినవి. ఒక రకానికి మేలు చేసే అలవాటు మరొక రకానికి కీడు చేస్తుంది.

* సీసం-ఆమ్లం బ్యాటరీ: కార్లు, ట్రాక్టర్లు, ఇంటి ఇన్వర్టర్లలో వాడతారు. దీనిని ఖాళీగా ఉంచితే పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం పోతుంది. కనుక ఎల్లప్పుడూ నిండుగా ఉంచాలి. చాలా రకాలలో స్వేదనజలం కూడా పోస్తూ ఉండాలి.
* నికెల్-కాడ్మియం బ్యాటరీ: పాత టార్చిలైట్లు, తీగలేని ఫోన్లు, ఆటబొమ్మలలో వాడేవారు. సగం వాడి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేస్తే సామర్థ్యం తగ్గినట్లు కనిపించే "స్మృతి ప్రభావం" దీనికి ఉన్నది. కనుక అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయాలని చెప్పేవారు.
* లిథియం అయాన్ బ్యాటరీ: ఎల్లప్పుడూ నిండుగా ఉండడం దీనికి మంచిది కాదు, పూర్తిగా ఖాళీ కావడమూ మంచిది కాదు. స్మృతి ప్రభావం లెక్కించదగినంత లేదు. మధ్యస్థంగా ఉండడమే దీనికి హితం.

ఇన్వర్టరు బ్యాటరీని ఏళ్ళ తరబడి చూసుకున్న గృహస్థు అదే పద్ధతిలో ఈ-రీడర్‌ను ఎప్పుడూ ఛార్జరుకు తగిలించి ఉంచడం సహజం. పాత టార్చిలైటు వాడిన వారు పూర్తిగా ఆరిపోయే వరకు ఛార్జి చేయకపోవడమూ సహజమే. ఈ రెండు అలవాట్లూ లిథియం బ్యాటరీకి తగవు.

వేసవిలో జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మే నెలలో తిరుపతి, చిత్తూరు పరిసరాలలో పగటి ఉష్ణోగ్రత నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. తిరుమల కొండ పైన, హార్సిలీ కొండలపైన అంత వేడి ఉండదు. ఈ-రీడర్లను 35 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలో వాడవలెనని, 45 డిగ్రీలకు మించిన చోట ఉంచరాదని తయారీదారులు సూచిస్తారు. కనుక ఈ ప్రాంతంలో వేసవి పగటి వేళ ఆరుబయట వాతావరణమే ఆ పరిమితిని మించుతుంది.

* ఎండలో నిలిపి, అద్దాలు మూసిన కారులో ఉష్ణోగ్రత 60 డిగ్రీల వరకు పోవచ్చును. దర్శనానికి వెళ్ళేవారు సాధనాన్ని కారులో, ముఖ్యంగా ముందు అద్దం క్రింద, వదలి వెళ్ళరాదు.
* ద్విచక్ర వాహనం సీటు క్రింది పెట్టె, ఇంజను వేడి, ఎండ వేడి రెండూ తగిలే చోటు. అక్కడ ఉంచరాదు.
* రేకుల కప్పు గల గదులలో పైఅరలు, అటకల కన్నా నేలకు దగ్గరగా ఉన్న అరలు చల్లగా ఉంటాయి.
* ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టరు, వై-ఫై రౌటరుల పైన పెట్టరాదు.
* ఫ్రిజ్ లోపల ఉంచడం కూడా తగదు. బయటకు తీయగానే గాలిలోని తేమ నీరుగా మారి లోపలి వలయాలను పాడుచేయవచ్చును.
* ఎండలో తిరిగి వచ్చిన సాధనాన్ని వెంటనే ఛార్జి చేయరాదు. చల్లబడిన తరువాత చేయాలి. వేసవిలో ఛార్జి చేయుటకు తెల్లవారుజాము గానీ రాత్రి వేళ గానీ అనువైనది.
* ఛార్జి అవుతున్నపుడు మందమైన తోలు తొడుగును తెరచి ఉంచాలి. దిండు క్రింద, పరుపుపై పెట్టరాదు.

ఎలక్ట్రానిక్ సిరా తెర ఎండలో కూడా స్పష్టంగా కనబడుతుంది. అది చదువరికి సౌకర్యమే గాని, బ్యాటరీకి మాత్రం ఎండ శత్రువే. ఆరుబయట చదవదలచిన వారికి చెట్టు నీడ ఉత్తమం.

ఛార్జి చేసే పద్ధతి

సాధారణంగా 20 శాతానికి తగ్గినపుడు ఛార్జి మొదలుపెట్టి, 80 శాతం ప్రాంతంలో ఆపడం బ్యాటరీకి మేలు. గరిష్ఠ వోల్టేజిని 4.2 నుండి 4.1 వోల్టులకు తగ్గిస్తే చక్రాల సంఖ్య దాదాపు రెండింతలు కాగలదని అంచనా. అందుకు ప్రతిగా ఒక ఛార్జికి వచ్చే సమయం కొంత తగ్గుతుంది. ప్రయాణానికి ముందు నూరు శాతం ఛార్జి చేసుకోవడంలో తప్పు లేదు. నూరు శాతం చేసి వారాల తరబడి వాడకుండా ఉంచడమే తప్పు.

లిథియం ఘటాన్ని మొదట స్థిరమైన విద్యుత్ ప్రవాహంతో, వోల్టేజి గరిష్ఠ స్థాయికి చేరిన తరువాత స్థిరమైన వోల్టేజితో ఛార్జి చేస్తారు. రెండవ దశలో ప్రవాహం క్రమంగా తగ్గి చివరకు ఆగిపోతుంది. ఈ నియంత్రణ అంతా సాధనం లోపలనే ఉంటుంది. గోడకు పెట్టేది నిజానికి 5 వోల్టులు అందించే అడాప్టరు మాత్రమే. ఎక్కువ ఆంపియర్లు ఇవ్వగల చరవాణి అడాప్టరును తగిలించినా సాధనం తనకు కావలసినంత మాత్రమే తీసుకుంటుంది. అయితే ప్రమాణ చిహ్నాలు లేని చౌక అడాప్టర్లలో వోల్టేజి నిలకడగా ఉండదు, వాటిని వాడరాదు. మంచి అడాప్టర్లు 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి కనుక పల్లెలలో సాయంత్రపు లో-వోల్టేజి వల్ల సాధారణంగా హాని ఉండదు. పిడుగులు పడే వేళ మాత్రం తీసివేయడం మంచిది.

కొంతకాలానికి తెరపై చూపే శాతానికి, ఘటంలోని అసలు ఛార్జికి తేడా రావచ్చును. రెండు మూడు నెలలకు ఒకసారి 10 శాతం వరకు వాడి, ఆపై అంతరాయం లేకుండా పూర్తిగా ఛార్జి చేస్తే ఈ లెక్క సరిపడుతుంది. ఇది శాతాన్ని చూపే లెక్కను సరిచేస్తుందే గాని బ్యాటరీ శక్తిని పెంచదు.

దీర్ఘకాలం వాడనపుడు

పరీక్షల కాలంలోనో, ఊరికి వెళ్ళినపుడో సాధనాన్ని నెలల తరబడి వాడకపోతే ఈ క్రింది పద్ధతి అనుసరించాలి.

* 40 నుండి 60 శాతం ఛార్జితో ఉంచాలి.
* నిద్రావస్థలో వదలక, పూర్తిగా ఆపివేయాలి. వై-ఫై కూడా ఆపాలి.
* చల్లని, పొడిగా ఉండే చోట ఉంచాలి.
* రెండు మూడు నెలలకు ఒకసారి చూసి, 20 శాతానికి తగ్గి ఉంటే మళ్ళీ 50 శాతం వరకు ఛార్జి చేయాలి.

పాఠశాల, కళాశాల గ్రంథాలయాలలో ఈ-రీడర్లు ఉన్నచోట వేసవి సెలవుల ముందు ఈ పని చేయడం చాలా అవసరం. ఏప్రిల్ చివర ఖాళీ బ్యాటరీలతో ఇనుప బీరువాలో పెట్టిన సాధనాలు జూన్‌లో బడి తెరిచేనాటికి పనిచేయక పోవచ్చును. నిండుగా ఛార్జి చేసి పెట్టినా రెండు నెలల ఎండ వేడికి సామర్థ్యం తగ్గుతుంది. సగం ఛార్జి చేసి, గాలి తగిలే గదిలో ఉంచి, నెలకు ఒకసారి చూసే బాధ్యతను ఒకరికి అప్పగిస్తే ఈ నష్టాన్ని తప్పించవచ్చును.

ఒక ఛార్జికి ఎక్కువ రోజులు రావడానికి

* పుస్తకాలు దించుకున్న తరువాత వై-ఫై ఆపి ఉంచాలి. సంకేతం బలహీనంగా ఉన్నచోట సాధనం పదే పదే వెదకుతూ ఎక్కువ విద్యుత్తు వాడుతుంది.
* పగటి వేళ ముందు దీపాన్ని కనిష్ఠ స్థాయికి తగ్గించాలి. రాత్రి చదివేటపుడు కూడా కంటికి హాయిగా ఉన్నంత చాలు.
* ప్రతి పుటకు తెరను పూర్తిగా తుడిచి గీసే సదుపాయాన్ని అవసరమైతేనే వాడాలి.
* ఒకేసారి వందల పుస్తకాలు ఎక్కించరాదు. సాధనం ప్రతి పుస్తకంలోని పదాలకు అకారాది సూచిని తయారుచేసుకుంటుంది. ఆ పని పూర్తయ్యే వరకు ప్రాసెసర్ విశ్రాంతి లేకుండా పనిచేసి బ్యాటరీని ఖాళీ చేస్తుంది. పాడైన ఫైలు ఒకటి ఉంటే సూచీకరణ ఎప్పటికీ పూర్తికాక ఛార్జి హఠాత్తుగా తగ్గడం మొదలవుతుంది. అటువంటప్పుడు చివరగా చేర్చిన పుస్తకాలను తొలగించి చూడాలి.

తెలుగు పుస్తకాల ప్రత్యేకత

తెలుగు చదువరులకు మరొక అంశం ముఖ్యమైనది. అంతర్జాలంలో దొరికే పాత తెలుగు పుస్తకాలలో అధికభాగం అచ్చు పుటలను స్కాన్ చేసిన పీడీఎఫ్ ప్రతులు. భారత డిజిటల్ లైబ్రరీ పథకం ద్వారా లభించినవి కూడా ఇటువంటివే. వీటిలో అక్షరాలు అక్షరాలుగా ఉండవు, ప్రతి పుటా ఒక ఛాయాచిత్రం. అటువంటి పుటను తెరపై చూపుటకు ప్రాసెసర్ ఆ చిత్రాన్ని విప్పి, తెర పరిమాణానికి కుదించవలసి ఉంటుంది. ఆరు అంగుళాల తెరపై అక్షరాలు చిన్నవిగా కనబడడం వల్ల చదువరి పుటను పెద్దది చేసి, అటూ ఇటూ జరుపుతూ చదువుతాడు. జరిపిన ప్రతిసారీ తెర మళ్ళీ గీయబడుతుంది. ఫలితంగా ఒక్క పుట చదవడానికి నాలుగైదు సార్లు తెర మార్చవలసి వస్తుంది. యూనికోడ్ అక్షరాలతో ఉన్న ఈ-పబ్ పుస్తకానికి ఈ ఇబ్బంది లేదు.

* ఒకే పుస్తకం రెండు రూపాలలోనూ దొరికితే యూనికోడ్ పాఠం ఉన్నదానిని ఎంచుకోవాలి.
* స్కాన్ ప్రతి మాత్రమే దొరికితే, కంప్యూటరులో అంచులలోని తెల్లని భాగాన్ని కత్తిరించి, నలుపు-తెలుపులోకి మార్చి ఎక్కించుకుంటే ఫైలు చిన్నదవుతుంది, అక్షరం పెద్దదవుతుంది, బ్యాటరీ ఆదా అవుతుంది.
* సాధనాన్ని అడ్డంగా తిప్పి చదివితే పుట వెడల్పు సరిపోయి, పదే పదే జరిపే పని తగ్గుతుంది.

అపోహలు

* "కొత్త సాధనాన్ని మొదట ఎనిమిది గంటలు ఛార్జి చేయాలి" - ఇది నికెల్ బ్యాటరీల నాటి మాట. లిథియం బ్యాటరీకి అవసరం లేదు.
* "పూర్తిగా ఆరిపోయిన తరువాతనే ఛార్జి చేయాలి" - ఇది హానికరం.
* "రాత్రంతా ఛార్జరుకు ఉంచితే పేలిపోతుంది" - సరియైన సాధనంలో నిండగానే ఛార్జి ఆగిపోతుంది. కానీ నిత్యం అలా చేయడం వల్ల బ్యాటరీ ఎక్కువసేపు నిండు స్థితిలో ఉండి త్వరగా వయసు మీరుతుంది.
* "వాడకుండా దాచుకుంటే బ్యాటరీ కొత్తగానే ఉంటుంది" - కాలగత క్షీణత వాడినా వాడకపోయినా జరుగుతుంది. అందుచేతనే ఏళ్ళ తరబడి దుకాణంలో పడి ఉన్న "కొత్త" బ్యాటరీని కొనరాదు.

ఉబ్బిన బ్యాటరీ, మార్పిడి, పారవేయుట

వయసు మీరిన లేదా వేడికి గురైన ఘటంలో విద్యుద్విశ్లేష్యం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. మెత్తని సంచి వంటి లిథియం పాలిమర్ ఘటం దీనివల్ల ఉబ్బుతుంది. సాధనం వెనుకభాగం పైకి లేచినా, తెర అంచు విడివడినా, బల్లపై పెట్టినపుడు సమంగా ఆనక ఊగినా ఈ అనుమానం కలగాలి. అటువంటి సాధనాన్ని వెంటనే వాడకం నుండి తొలగించాలి, ఛార్జి చేయరాదు. ఉబ్బును నొక్కడం, సూదితో గుచ్చడం మంటకు దారితీయవచ్చును. పిల్లలకు అందకుండా, కాగితాలకు, బట్టలకు దూరంగా ఉంచి మరమ్మతు నిపుణునికి అప్పగించాలి.

2007 నాటి తొలి కిండిల్‌లో బ్యాటరీని చదువరి స్వయంగా మార్చుకొనే వీలు ఉండేది. తరువాతి సాధనాలలో బ్యాటరీ లోపల బిగించబడి ఉంటుంది. 2024లో కోబో సంస్థ తన కొత్త సాధనాలకు విడిభాగాలను, మరమ్మతు సూచనలను అందుబాటులోకి తెచ్చింది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, చిన్న పరికరాల బ్యాటరీలను వాడకందారులే మార్చుకొనే విధంగా తయారుచేయాలన్న నియమానికి 2027 ఫిబ్రవరి 18 గడువుగా నిర్ణయించబడింది.

పాత బ్యాటరీని ఇంటి చెత్తతో కలపరాదు. చెత్తబండిలో నలిగినపుడు అంటుకొనే ప్రమాదం ఉన్నది. అందులోని కోబాల్ట్, లిథియం, రాగి తిరిగి వాడుకోదగిన లోహాలు. భారత ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి పునశ్చక్రీయానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులదే. పాత బ్యాటరీ కొసలకు అంటుకాగితం చుట్టి, సేకరణ కేంద్రానికి గానీ అమ్మిన సంస్థకు గానీ అందజేయాలి.

ఇవి కూడా చూడండి

* లిథియం అయాన్ బ్యాటరీ
* ఈ-పుస్తకం
* అమరరాజా బ్యాటరీస్
* తిరుపతి
* చిత్తూరు జిల్లా